డబ్బాలో బలం ఎంత?

(కోడి రామ్మూర్తి నాయుడి స్మృతిలో చేసిన ఉపన్యాస పాఠం)



రామ్మూర్తి నాయుడి పేరు మీద సభ అంటే ఆయన తెంచిన ఇనప గొలుసులు, ఆపిన మోటారు కార్లు, రొమ్ము మీద ఎక్కించుకున్న ఏనుగు తప్పకుండా వస్తాయి. ఉత్తరాంధ్రలో పుట్టినవాళ్లకి అవన్నీ నేను కొత్తగా చెప్పక్కర్లేదు. 1882లో వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో కసరత్తు నేర్చి, అక్కడే వ్యాయామ ఉపాధ్యాయుడై, సర్కసు కట్టి దేశాలు తిరిగి, 1942లో కన్నుమూశారు. ఆయన కథ చెప్పగానే వినేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. "ఏం తినేవాడట?" అని. ఒకరు బాదం పప్పు అంటారు, ఒకరు నెయ్యి శేర్లలో లెక్క కడతారు, శాకాహారి అని ఇంకొకరు తీర్పిస్తారు. తెల్లవారుజామున ఎప్పుడు లేచేవాడు, ఎన్ని దండీలు, ఎన్ని బస్కీలు తీసేవాడు, ఎన్నేళ్లకి గొలుసు దాకా వచ్చాడు అని అడిగినవాణ్ణి నేనింకా చూడలేదు.

ఆ ప్రశ్న ఇప్పటికీ మారలేదు, జవాబు మాత్రం మారింది. ఇప్పుడు జవాబు ప్లాస్టిక్ డబ్బాలో వస్తోంది. మూత కింద ఒక స్కూపు, డబ్బా మీద కండలు తిరిగిన ఒక తెల్లవాడు. కూలి పని చేసుకునే ఇంట్లో ఆ డబ్బా ఖరీదు నెల వెచ్చాలకి సమానం. శరీరధర్మశాస్త్రం చెప్పుకుని బతికినవాణ్ణి నేను. కుర్రతనంలో బార్ కూడా పట్టుకున్నాను, గొప్పగా ఏమీ ఎత్తలేదు. ఆ రెండు అర్హతలతో ఈ పూట ఒక్క సంగతే తేల్చాలని వచ్చాను. ఏళ్ల తరబడి సాధన చేసిన లిఫ్టరుకి ఆ డబ్బా ఎంత బలం ఇస్తుంది? "ఇస్తుందా, ఇవ్వదా" అని కాదు, "ఎంత" అని అడుగుతున్నాను.

డబ్బాకీ బలానికీ పెళ్లి ఎక్కడ జరిగిందో ముందు చెప్పాలి. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో యార్క్ అని ఒక ఊరు. అక్కడ బాబ్ హాఫ్‌మన్ అనే ఆయన ఇనప బరువులు పోతపోయించే కంపెనీ పెట్టాడు, 'స్ట్రెంగ్త్ అండ్ హెల్త్' అనే పత్రిక నడిపాడు, అమెరికా వెయిట్‌లిఫ్టింగ్ జట్టుకి కోచ్ కూడా అయ్యాడు. 1950ల మొదట్లో సోయా పిండితో చేసిన 'హై-ప్రొటీన్' అనే పొడి అమ్మడం మొదలుపెట్టాడు. బరువులు ఒకసారి కొంటే తరాలు మన్నుతాయి, పొడి నెలనెలా కొనాలి. వ్యాపారి మర్మం అంతా అక్కడే ఉంది.

ఆ యార్క్ జట్టుతో తిరిగిన డాక్టర్ ఒకాయన, జాన్ జీగ్లర్. 1954లో వియన్నాలో జరిగిన ప్రపంచ పోటీలకి జట్టుతో వెళ్లి, సోవియట్ లిఫ్టర్లు పురుష హార్మోన్ తీసుకుంటున్నారని వాళ్ల జట్టు వైద్యుడి నోట విన్నాడు. 1958లో సిబా కంపెనీ డయానబాల్ అనే స్టెరాయిడ్ మాత్ర తెచ్చింది. 1960 ప్రాంతంలో జీగ్లర్ దాన్ని యార్క్ లిఫ్టర్లు కొందరికి ఇచ్చాడు. వాళ్ల రికార్డులు ఎగబాకాయి. ఆ ఎగబాకుడికి కారణం పత్రికలో ఏమని రాశారు? కదలని బార్‌ని తోసే ఐసోమెట్రిక్ కసరత్తు అన్నారు, ఆ కసరత్తుకి వాడే ఇనప చట్రం అమ్మారు. ప్రొటీన్ పొడి అన్నారు, పొడి అమ్మారు. మాత్ర సంగతి మాత్రం చెప్పలేదు. ఊళ్లలో పాఠకుడు చట్రం కొన్నాడు, పొడి కొన్నాడు, ఆ ఫలితం రాకపోతే తప్పు తనదే అనుకున్నాడు. జీగ్లర్ తర్వాతి కాలంలో తాను చేసినదానికి పశ్చాత్తాపపడ్డాడు. పొడి వ్యాపారం పశ్చాత్తాపపడలేదు. ఇప్పటికీ డబ్బా మీద ఫొటోలో ఉన్నవాడి కండకి అసలు కారణం డబ్బాలో ఉందో లేదో మనకి తెలియదు.

అదే డయానబాల్ పేరుతో 1972లో వచ్చిన ఒక చిన్న పరిశోధన ఉంది. నా చేతిలో ఉంటే దాన్ని ప్రతి వ్యాయామశాల గోడ మీదా రాయిస్తాను. గిడియన్ ఏరియల్, విలియం సావిల్ అనే ఇద్దరు, అప్పటికే బరువులతో సాధన చేస్తున్న కాలేజీ క్రీడాకారులని తీసుకున్నారు. కొన్ని వారాలు మామూలుగా సాధన చేయించి ఎవరు ఎంత ఎత్తుతున్నారో రాసిపెట్టారు. ఆ తర్వాత కొందరిని ఎంచి, రోజుకి ఒక మోతాదు డయానబాల్ ఇస్తున్నామని చెప్పారు. ఇచ్చింది ఉత్తుత్తి మాత్ర. నాలుగు వారాల్లో ఆ కుర్రాళ్లు బెంచ్ ప్రెస్‌లో, భుజం ప్రెస్‌లో, స్క్వాట్‌లో అంతకుముందు వారాల్లో పెరిగినదాని కంటే ఎన్నో రెట్లు ఎక్కువ పెరిగారు. వాళ్లెవరూ కొత్తవాళ్లు కారు. పెరుగుదల మందగించిన దశలో ఉన్నవాళ్లు.

చిన్న పరిశోధన, మనుషులు తక్కువ, ఒప్పుకుంటాను. కానీ దాన్నుంచి రెండు సంగతులు తప్పించుకోలేం. నమ్మకం మనిషిచేత నిజంగానే బార్ ఎత్తిస్తుంది, అది మొదటిది. రెండోది మీకు ఎక్కువ పనికొస్తుంది. "నేను ఈ పొడి వాడాను, నాకు పనిచేసింది" అని చెప్పే లిఫ్టరు అబద్ధం ఆడటం లేదు. అతని బరువు పెరిగింది, నిజమే. పెంచింది పొడి అవునో కాదో అతని మాట మీద తేలదు. అందుకే పరిశోధనలో సగం మందికి అసలు పొడి, సగం మందికి అదే రంగు, అదే రుచి ఉన్న ఉత్త పొడి ఇచ్చి, ఎవరికి ఏది వెళ్లిందో ఇచ్చేవాడికీ తీసుకునేవాడికీ తెలియకుండా దాచిపెడతారు. అలా పరీక్షకి పెట్టనివాటి గురించి నేను ఈ పూట మాట్లాడను. అంటే అంగట్లో ఉన్నవాటిలో ఎక్కువ భాగం గురించి మాట్లాడను.

ఇంకో చిక్కు ఉంది. కొత్తగా బార్ పట్టినవాడు మొదటి ఆరు నెలలు ఏం తిన్నా పెరుగుతాడు. కండ పెరగకముందే, ఉన్న కండని ఒక్కసారిగా పిలిచి పనిలో పెట్టడం నరాలు నేర్చుకుంటాయి. ఆ ఊపులో ఉన్నవాళ్ల మీద చేసిన పరిశోధనని అయిదేళ్లు సాధన చేసినవాడికి అంటగట్టకూడదు. హెచ్‌ఎంబీ అనే పదార్థం కథ చూడండి. లూసిన్ అనే అమైనో ఆమ్లం ఒంట్లో విరిగినప్పుడు కొంచెం తయారయ్యే పదార్థం అది. 1996లో అమెరికాలో అయొవా స్టేట్ విశ్వవిద్యాలయంలో స్టీవెన్ నిస్సెన్ బృందం, అప్పటిదాకా బరువులు ఎత్తనివాళ్లకి రోజుకి 3 గ్రాముల దాకా ఇచ్చి బలం పెరిగిందని చూపింది. అంగళ్లు నిండిపోయాయి. 2009లో న్యూజిలాండ్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన ఫలితాలన్నీ కలిపి లెక్కవేస్తే, కొత్తవాళ్లలో కొద్దిపాటి లాభం కనిపించింది, సాధన ఉన్న లిఫ్టర్లలో లెక్కకి రానంత తక్కువని తేలింది. తర్వాత 2014లో సాధకుల్లో అద్భుతమైన లాభాలు వచ్చాయని ఇంకో పరిశోధన వచ్చింది. అవి మరీ అద్భుతంగా ఉన్నాయని తోటి శాస్త్రవేత్తలే అనుమానించారు. నేను అనుమానించినవాళ్ల పక్షం.

పల్లేరు కాయ మీకందరికీ తెలుసు. పొలం గట్ల మీద చెప్పులు లేకుండా నడిచినవాళ్లకి మరీ బాగా తెలుసు. ఆ పల్లేరు ఇప్పుడు 'ట్రిబ్యులస్' పేరుతో సీసాల్లో అమ్ముడవుతోంది. దీని కీర్తి బల్గేరియా నుంచి వచ్చింది. 1980ల్లో ప్రపంచాన్ని గెలిచిన బల్గేరియా లిఫ్టర్లు దీన్ని వాడేవారని, ఇది పురుష హార్మోన్ పెంచుతుందని ప్రచారం. అదే బల్గేరియా జట్టు 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ఇద్దరు బంగారు పతక విజేతలు డోపింగ్‌లో దొరికితే పోటీల మధ్యలోనే ఇంటికి వెళ్లిపోయిందని ప్రచారకులు చెప్పరు. 2000లో సాధన ఉన్న మగవాళ్ల మీద ఎనిమిది వారాలు, 2007లో ఆస్ట్రేలియా రగ్బీ ఆటగాళ్ల మీద అయిదు వారాలు పల్లేరు పరీక్షించారు. రెండు చోట్లా ఉత్త మాత్ర తీసుకున్నవాళ్ల కంటే బలం పైసా ఎక్కువ పెరగలేదు. మన వైద్యంలో పల్లేరుకి మూత్ర వ్యాధుల్లో ఒక చోటు ఉంది, దాన్ని అక్కడే ఉండనిద్దాం. గ్లూటమిన్, క్రోమియం, బోరాన్ కూడా సాధకుల మీద పరీక్ష పెడితే ఇదే పద్దులో చేరాయి. వాటి మీద మీ సమయం తినను.

పరీక్షకి నిలబడింది క్రియాటిన్. ఇక్కడ కొంచెం ఆగాలి.

1832లో షెవ్రల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త మాంసం నుంచి దీన్ని వేరుచేశాడు. మన ఒంట్లో నూరు గ్రాములకి పైగానే ఉంటుంది, దాదాపు అంతా కండలోనే. రోజుకి 2 గ్రాముల దాకా క్రియాటినిన్‌గా మారి మూత్రంలో పోతుంది. అందులో సగం శరీరమే తయారు చేసుకుంటుంది, మిగతాది మాంసం, చేపల నుంచి రావాలి. దీని పని ఏమిటంటే, కండ కదలడానికి ఖర్చయ్యే ఏటీపీని సెకన్లలో మళ్లీ నింపడం. బార్‌ని ఒక్క ఊపున నేల నుంచి తల మీదికి ఎత్తే స్నాచ్ మొత్తం కొన్ని సెకన్ల పని. ఊపిరితిత్తుల నుంచి వచ్చే ప్రాణవాయువు అందుకునేలోపు లిఫ్ట్ అయిపోతుంది. ఆ సెకన్లలో కండ దగ్గరున్న నిల్వే దిక్కు.

1992లో రోజర్ హ్యారిస్ బృందం, 5 గ్రాముల చొప్పున రోజుకి నాలుగైదు సార్లు కొన్ని రోజులు ఇస్తే కండలో ఈ నిల్వ పెరుగుతుందని చూపింది. అంత క్రియాటిన్ మాంసం నుంచి రావాలంటే రోజుకి కిలోలకొద్దీ తినాలి. ఆ తర్వాత 1996లో రోజుకి 3 గ్రాములే నాలుగు వారాలు తీసుకున్నా నిల్వ అంతే నిండుతుందని తేలింది. కాబట్టి మొదటి వారం 20 గ్రాములు మింగాలనే పట్టుదల అక్కర్లేదు. డబ్బా త్వరగా ఖాళీ కావాలన్న తొందర మనకి కాదు, అమ్మేవాడికి.

లాభం ఎంత? 2003లో రాసన్, వోలెక్ అనే ఇద్దరు అప్పటి పరిశోధనలన్నీ సమీక్షించారు. బరువుల సాధన చేస్తూ ఉత్త పొడి తీసుకున్నవాళ్లకి బలం సగటున 12 శాతం పెరిగితే, క్రియాటిన్ తీసుకున్నవాళ్లకి 20 శాతం పెరిగింది. అంటే పొడి వాటా 8 శాతం, సాధన వాటా 12. డబ్బాలన్నిటిలోకీ ఉత్తమమైన డబ్బా కూడా సాధన కంటే వెనకే ఉందని గమనించండి. పైగా ఆ పరిశోధనల్లో ఉన్నవాళ్లు ఎక్కువగా కాలేజీ కుర్రాళ్లు. పోటీల్లో స్నాచ్, జెర్క్ చేసేవాళ్ల మీద పరిశోధన తక్కువ. జాతీయ పోటీకి నాలుగు నెలలుందనగా "నువ్వు ఉత్త పొడి గుంపులో పడొచ్చు" అంటే ఏ కోచ్ ఒప్పుకుంటాడు? కాబట్టి ఆ 8 శాతం మీది అనుకోకండి. పైస్థాయికి వెళ్లేకొద్దీ అది చిక్కిపోతుంది. నిల్వ ముందే నిండుగా ఉన్నవాళ్లలో ఏ మార్పూ కనపడదు. మాంసం ముట్టనివాళ్ల కండలో నిల్వ తక్కువ, వాళ్లకి లాభం ఎక్కువ. రామ్మూర్తి నాయుడు నిజంగా శాకాహారే అయితే, ఒంట్లో తయారైన క్రియాటిన్‌తోనే గొలుసులు తెంచారన్నమాట.

ఇంకో మాట. ఇది పోటీనాటి ఒక్క లిఫ్ట్‌ని పెంచే మందు కాదు. సాధనలో మూడో సెట్టు, నాలుగో సెట్టు దగ్గర ఒకటి రెండు రెప్స్ ఎక్కువ చేయనిస్తుంది. ఆ ఎక్కువ పని వారాల తరబడి పోగుపడితే బలం. పని చేయనివాడికి పోగుపడటానికి ఏమీ ఉండదు.

క్రియాటిన్ కండలోకి నీళ్లని లాగుతుంది. ఒంటి బరువు మొదటి వారాల్లోనే ఒకటి రెండు కిలోలు పెరుగుతుంది. జిమ్ కుర్రాడికి అది సంతోషం. 53 కిలోల తరగతిలో దిగాల్సిన అమ్మాయికి అది గండం. పోటీకి రెండు గంటల ముందు తూకం. ఆ ఒక కిలో దించడానికి నీళ్లు మానడం, చెమట పట్టించడం, చివరికి మూత్రం ఎక్కువగా పోయించే మాత్ర. ఆ మాత్రలు నిషిద్ధం. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో మన విజయనగరం జిల్లా కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి 53 కిలోల తరగతిలో మూడో స్థానంలో నిలిచింది. మొదటి స్థానం వచ్చిన నైజీరియా అమ్మాయి వయసు 16 ఏళ్లు. ఆమె మూత్రంలో అలాంటి మందులు రెండు దొరికాయి, బంగారం పోయింది, సంతోషి కంచు వెండి అయింది. మనం సంబరపడ్డాం. నాకు ఆ 16 ఏళ్ల పిల్ల చేతిలో మాత్ర పెట్టిందెవరా అనే ఆలోచన ఇప్పటికీ పోలేదు.

క్రియాటిన్ మూత్రపిండాలని పాడుచేస్తుందన్న భయం తల్లిదండ్రుల్లో ఉంది. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లలో మామూలు మోతాదుకి అలా జరిగినట్టు రుజువు లేదు. రక్తపరీక్షలో క్రియాటినిన్ కొంచెం పెరిగి కనిపిస్తుంది కాబట్టి, పరీక్ష రాసే డాక్టరుకి మీరు వాడుతున్న సంగతి చెప్పండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు దాని జోలికి పోకూడదు. ఇంకా ఎదిగే పిల్లలకి దాని అవసరం లేదు. వాళ్లకి బలం పెరిగే దారి వయసే వేసిపెట్టింది.

కాఫీలోని కెఫీన్ కూడా పనిచేస్తుంది, కొద్దిగా. ఒంటి బరువు కిలోకి 3 నుంచి 6 మిల్లీగ్రాములు, పోటీకి గంట ముందు. 2004 నుంచి అది నిషిద్ధ జాబితాలో లేదు. రాత్రి నిద్ర చెడగొట్టే వేళలో తీసుకుంటే వచ్చిందీ పోతుంది, ఉన్నదీ పోతుంది. దాని గురించి ఇంతే.

ఇక ప్రొటీన్. అందరి డబ్బులూ పోయేది ఇక్కడే.

2018లో రాబర్ట్ మోర్టన్ బృందం 49 పరిశోధనలని, 1863 మంది మనుషులని కలిపి లెక్కవేసింది. సాధనకి తోడు ప్రొటీన్ అదనంగా తీసుకున్నవాళ్లు, ఒక్కసారి ఎత్తగల గరిష్ఠ బరువులో, తీసుకోనివాళ్ల కంటే సగటున 2.49 కిలోలు ఎక్కువ పెరిగారు. సాధన వల్లనే పెరిగింది సుమారు 27 కిలోలు. అంటే ప్రొటీన్ వల్ల వచ్చింది దానిలో పదో వంతు కూడా లేదు. ఆ సంఖ్య చదివినప్పుడు నాకు 2000 సెప్టెంబరు గుర్తొచ్చింది. సిడ్నీలో, ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ మొదటిసారి ఒలింపిక్స్‌లో చేరిన ఏడాది, 69 కిలోల తరగతిలో ఆమదాలవలస అమ్మాయి కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, జెర్క్‌లో 130 కలిపి 240 కిలోలు ఎత్తింది. మొదటి ఇద్దరూ ఎత్తింది 242.5. బంగారానికీ కంచుకీ మధ్య ఉన్నది రెండున్నర కిలోలు. "అయితే ఆ డబ్బా ఉంటే..." అని మీలో కొందరు లోలోపల అనుకునే ఉంటారు. అనుకోకండి. ఆ 2.49 సగటు, చాలావరకు ఆ స్థాయికి దరిదాపుల్లో లేనివాళ్లది, స్నాచ్‌ది కాదు. పైగా ఆ లెక్కలోనే అసలు సంగతి ఇంకోటి ఉంది. రోజుకి ఒంటి బరువు కిలోకి 1.6 గ్రాముల ప్రొటీన్ దాటాక, ఇంకెంత పోసినా కండకి అదనపు లాభం కనపడలేదు. అది పొడి నుంచే రావాలన్న నియమం లేదు.

60 కిలోల లిఫ్టరుకి లెక్క కడదాం. 96 గ్రాములు కావాలి. రోజుకి 400 గ్రాముల బియ్యం వండుకుని తింటే 28 గ్రాములు అందులోనే ఉన్నాయి. 75 గ్రాముల కందిపప్పు, 16. నాలుగు గుడ్లు, 24. అరలీటరు పాలు, 16. 50 గ్రాముల వేరుశనగ పప్పు, 12. కూడి చూడండి, సరిగ్గా 96. ఆదివారం కోడికూర, వారం మధ్యలో ఎండుచేపల కూర ఇందులో కలపలేదు. చోడి అంబలీ కలపలేదు. ఉలవలు ఉడకబెట్టి పెట్టే ఇల్లైతే చెప్పక్కర్లేదు.

ఈ లెక్క పెద్ద శాస్త్రమేమీ కాదు. చిక్కు ఎక్కడంటే, మన లిఫ్టర్లు వచ్చే ఇళ్లలో, హాస్టళ్లలో ఆ బియ్యం దాకా వస్తుంది, గుడ్లు, పాల దగ్గర ఆగిపోతుంది. పళ్లెం నిండా అన్నం, దాని మీద పల్చటి పప్పుచారు. అక్కడ లోటు నిజం. ఆ లోటుని చూపించే అమ్మేవాడు డబ్బా అంటగడతాడు. తండ్రి అప్పు చేసి కొంటాడు. కొన్నాక గుడ్లకి డబ్బు ఉండదు. పళ్లెంలో తగ్గినదాన్ని స్కూపుతో పూడుస్తున్నారు, రెట్టింపు ఖరీదుకి.

పొడి విషమని నేను అనడం లేదు. పాల విరుగుడు తేటని ఆరబెట్టినదే అది, మంచి ప్రొటీన్. ప్రయాణాల్లో, వండుకునే వీలు లేని శిబిరాల్లో పనికొస్తుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయులకి ఇచ్చిన ఆహార సూత్రాల్లో, కండలు పెంచుకోవడానికి ప్రొటీన్ పొడులు వద్దని చెప్పింది. ఆ సలహా జనసామాన్యానికి సరైనదే. కిలోకి 0.83 గ్రాములు చాలని ఆ లెక్క మామూలు మనిషికి వేసింది, లిఫ్టరుకి దానికి రెట్టింపు కావాలి. ఆ తేడా చెప్పకుండా సంస్థ మాటని లిఫ్టరు మీద ప్రయోగించడం కూడా అన్యాయమే.

కానీ మన అంగట్లో దొరికే పొడి డబ్బా మీద రాసినదేనా? 2024లోనే 'మెడిసిన్' అనే పత్రికలో, భారతదేశంలో బాగా అమ్ముడయ్యే 36 ప్రొటీన్ పొడులని పరీక్షించిన ఫలితాలు వచ్చాయి. దాదాపు 70 శాతం డబ్బాల మీద ప్రొటీన్ లెక్క తప్పు. కొన్నిటిలో రాసినదానిలో సగమే ఉంది. అయిదింటిలో బూజు నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్ ఉంది, మూడింటిలో పురుగుమందు అవశేషాలు. మోసం ఎలా సాగుతుందంటే, ప్రయోగశాలలో ప్రొటీన్‌ని నేరుగా కొలవరు, దానిలోని నత్రజనిని కొలిచి హెచ్చవేస్తారు. 1883లో కెల్‌డాల్ కనిపెట్టిన పద్ధతి. గ్లైసిన్, టారిన్ లాంటి చవక పదార్థాలు కలిపితే నత్రజని పెరుగుతుంది, కాగితం మీద ప్రొటీన్ పెరుగుతుంది, కండకి చేరేది పెరగదు. గుడ్డుని కల్తీ చేయడం కష్టం. నేను గుడ్డు పక్షాన ఉండటానికి అదీ ఒక కారణం.

డబ్బు పోతే మళ్లీ సంపాదించవచ్చు. లిఫ్టరుకి పోయేది అదొక్కటే కాదు. 2000, 2001 సంవత్సరాల్లో జర్మనీలోని కొలోన్ ప్రయోగశాల 13 దేశాల నుంచి 634 సప్లిమెంట్లు కొని పరీక్షించింది. ఏ హార్మోనూ లేదని చెప్పి అమ్మినవే అవన్నీ. వాటిలో 94 డబ్బాల్లో హార్మోన్ పదార్థాలు బయటపడ్డాయి. నూటికి దాదాపు పదిహేను. కొన్ని కావాలని కలిపినవి, కొన్ని ఒకే యంత్రంలో ముందు స్టెరాయిడ్ కలిపి, సరిగా కడగకుండా తర్వాత విటమిన్ కలిపినవి. మైక్రోగ్రాములు చాలు, మూత్ర పరీక్షలో దొరికిపోవడానికి. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల ముందు మన క్రీడాకారులు కొందరు మిథైల్‌హెక్సనమీన్‌తో దొరికారు. వ్యాయామానికి ముందు తాగే పొడుల్లో తిరిగే ఉత్తేజకం అది. 2015లో బల్గేరియా లిఫ్టర్లు పదకొండు మంది ఒకేసారి స్టానజొలాల్ అనే స్టెరాయిడ్‌తో పట్టుబడ్డారు. అక్కడి ఫెడరేషన్ ఒక ఫుడ్ సప్లిమెంటుని కారణంగా చూపింది. శిక్ష తప్పలేదు, 2016 రియో ఒలింపిక్స్‌కి ఆ దేశం లిఫ్టర్లు వెళ్లలేకపోయారు.

డోపింగ్ నియమం మీరు బాగా అర్థం చేసుకోవాలి. ఒంట్లో ఉంటే బాధ్యత లిఫ్టరుదే. "నాకు తెలియదు", "కోచ్ ఇచ్చారు", "డబ్బా మీద రాయలేదు" అంటే నేరం పోదు. కల్తీ పొడి వల్లే వచ్చిందని రుజువు చేస్తే శిక్ష తగ్గవచ్చు, కానీ రుజువు చేయాల్సింది లిఫ్టరే. దానికి అదే డబ్బా కావాలి, అదే బ్యాచ్ నంబరుతో మూత తీయని ఇంకో డబ్బా దొరకాలి, ప్రయోగశాల ఫీజు కట్టాలి, లాయరు కావాలి. ఖాళీ డబ్బాలో ఉప్పో పసుపో పోసుకున్న ఇంట్లో ఏ రుజువు మిగులుతుంది? రెండేళ్లు, నాలుగేళ్లు నిషేధం అంటే మన పిల్లలకి పతకం పోవడంతో ఆగదు. రైల్వే, పోలీసు, సైన్యం ఉద్యోగం పోతుంది. ఇంటికి ఒక్కగానొక్క జీతం అది. పది శాతం కూడా ఇవ్వని దానికోసం నూరు శాతాన్నీ పందెం కాయమంటున్నాడు అమ్మేవాడు.

కోచ్‌లకి ఒక మాట, కోపం తెచ్చుకోకండి. మీలో చాలామంది జీతం లేకుండా, ఉన్న జీతంలోంచి పిల్లలకి పాలు పోస్తూ నడుపుతున్నారు, నాకు తెలుసు. కొందరికి డబ్బా అమ్మితే కమీషన్ వస్తుంది, అదీ నాకు తెలుసు. శిష్యుడి ఒంట్లోకి వెళ్లేదాని మీద గురువు కమీషన్ తినకూడదు.

పిల్లలకీ పెద్దలకీ నేను చెప్పేది ఇది. 18 ఏళ్లు నిండేదాకా ఏ డబ్బా వద్దు. నిండాక, తిండి సరిపోతోంది, నిద్ర సరిపోతోంది, మూడు నాలుగేళ్ల సాధన ఉంది అన్నప్పుడు, ఉత్త క్రియాటిన్ మోనోహైడ్రేట్, రోజుకి 3 గ్రాములు, వేరే ఏమీ కలపనిది, బ్యాచ్ వారీగా డోపింగ్ పదార్థాల కోసం పరీక్షించినట్టు ముద్ర ఉన్నది తీసుకోవచ్చు. తూకం తరగతి చూసుకుని తీసుకోండి. బిల్లు దాచండి, బ్యాచ్ నంబరు రాసుకోండి, అడుగున కొంచెం పొడి మిగిల్చి మూత బిగించి అటక మీద పెట్టండి. 'ప్రీ-వర్కౌట్', 'టెస్టో', 'ఫ్యాట్ బర్నర్' అని పేరున్న ఏ డబ్బా అయినా ఎవరు ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి.

ప్రభుత్వం వారు ఇక్కడున్నారు కాబట్టి చివరిగా వారిని అడుగుతున్నాను. క్రీడా హాస్టళ్లకి సప్లిమెంట్ల కిట్లు పంచే ఆలోచన ఉంటే దాన్ని పక్కన పెట్టి, ఆ పద్దు కిందే ప్రతి లిఫ్టరుకీ రోజుకి నాలుగు గుడ్లు, అరలీటరు పాలు, గుప్పెడు వేరుశనగ పప్పు ఇప్పించండి. కాంట్రాక్టరు పళ్లెంలో అవి నిజంగా పడుతున్నాయో లేదో నెలకొకసారి చెప్పకుండా వచ్చి చూడండి.